పార్టీ: నిఘంటువు చూడని తెలుగు మాట

తెలుగు నిఘంటు నిర్మాణంలో ఆంగ్లపదాల స్థానాన్ని గురించి మనం జరుపుతున్న చర్చ ఎన్నేళ్లు గడిచినా ‘చేర్చుకోవాలా, వద్దా’ అన్న గడప దాటి లోపలికి రావడం లేదు. చేర్చుకోవాలనేవారు వాడుకను సాక్ష్యంగా చూపుతారు. వద్దనేవారు భాషాస్వచ్ఛతను ప్రమాణంగా నిలుపుతారు. ఒక విషయంలో మాత్రం ఇరువురికీ ఏకాభిప్రాయం ఉంది. ఆంగ్లపదం తెలుగులోకి వచ్చినా దాని అర్థం ఆంగ్ల నిఘంటువులోనే దొరుకుతుందనీ, దానికోసం తెలుగు పరిశోధకుడు వేరుగా శ్రమించవలసిన పని లేదనీ ఇద్దరూ నమ్ముతారు. ఈ ఏకాభిప్రాయమే తప్పని నా వాదం. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వ్యవహారంలో ‘పార్టీ’ అన్న ఒక్క మాటను తీసుకొని ఈ వాదాన్ని పరీక్షకు పెడుతున్నాను.

ఈ మాటనే తీసుకోవడానికి స్వానుభవం ఒకటి కారణం. కొన్నేళ్ల కిందట ఒక పదకోశ సంఘం కోరగా ఈ మూడు పట్టణాల అంగళ్లలోనూ, కోర్టు ఆవరణల్లోనూ, చుట్టుపక్కల ఊళ్ల రచ్చబండల దగ్గరా సేకరించిన పదాలను చీటీలమీద రాసి పంపాను. ‘పార్టీ’ మీద రాసిన చీటీలన్నీ ‘ఆంగ్లము’ అన్న ఎర్రసిరా వ్రాతతో తిరిగివచ్చాయి. అదే కట్టలో పంపిన ‘తగాదా’, ‘రాజీ’, ‘జామీను’ చీటీలు తిరిగిరాలేదు. అవి తెలుగు మాటలని సంఘం అంగీకరించిందన్నమాట. ఆ ఎర్రసిరా వెనుక ఉన్న తర్కాన్ని ప్రశ్నించడానికే ఈ వ్యాసం.

ముందు సాక్ష్యం చూద్దాం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకూ గుడ్డల వ్యాపారానికీ పేరుపొందిన ఊరు. రెండో బొంబాయి అని సీమవాసులు దానికి ముద్దుపేరు పెట్టుకున్నారు. అక్కడి వ్యాపారి నోట ‘పార్టీ’ అంటే సరుకు కొనేవాడు, లేదా బాకీ చెల్లించవలసినవాడు. ‘పార్టీ వచ్చింది, సరుకు చూసుకొని పోయింది’ అని గుమాస్తా చెబితే వచ్చిపోయినవాడు మీసాలున్న మగమనిషే కావచ్చు. ఒక్కడే కావచ్చు. అయినా క్రియ అమహద్రూపంలోనే ఉంటుంది. ‘ఆ పార్టీ మంచిది’ అన్న మాటకు ఆయన గుణవంతుడని అర్థం కాదు, సొమ్ము వేళకు చెల్లిస్తాడని అర్థం. పులివెందుల వైపు చీనీ తోటల బేరాల్లోనూ ఇదే వాడుక. కాపు మీద తోటను బేరమాడడానికి దలాలి ‘పార్టీని తెస్తాడు’, లేదా ‘పార్టీని చూపిస్తాడు’. స్థలాల బేరాల్లోనూ అంతే. ఇక్కడ పార్టీ అన్నది మనిషి కాదు, బేరంలో ఒక కొస. అమహత్తు ఊరికే రాలేదు.

ఇక కోర్టు. జమ్మలమడుగు కోర్టు ఆవరణలో వకీలు గుమాస్తా ‘మన పార్టీ వచ్చినాడా?’ అని అడుగుతాడు. ఇక్కడ అదే మాట మహద్రూపాన్ని తీసుకుంది. వ్యాపారి పార్టీ ‘వచ్చింది’, వకీలు పార్టీ ‘వచ్చినాడు’. రాతకోతల్లోనూ ఈ మాటే నడుస్తుంది. అగ్రిమెంటు కాగితంలో అమ్మేవారు ‘ఒకటవ పార్టీవారు’, కొనేవారు ‘రెండవ పార్టీవారు’. వ్యాజ్యంలో కొత్తగా ఎవరినైనా చేరిస్తే ‘వాణ్ణి కూడా పార్టీ చేసినారు’ అంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు 145వ సెక్షను కింద భూమి స్వాధీనం మీద తగవు వచ్చినప్పుడు కాగితాల్లో ‘ఎ పార్టీ’, ‘బి పార్టీ’ అని ఇరువైపులవారినీ విడదీసి రాసేవారు. ఊరి రెండు వైపులకూ అక్షరాలు తగిలించిన ఈ రాతను గుర్తుంచుకోవాలి. మూడో అర్థానికి దారి ఇక్కడినుంచే పడిందని నా అంచనా.

మూడో అర్థం ఊళ్లది. ఈ ప్రాంతపు పల్లెల్లో ‘పార్టీ’ అంటే రాజకీయపక్షం కాదు. ఊరిలోని ఒక పెద్దమనిషి చుట్టూ బంధుత్వం వల్లనో, అప్పు వల్లనో, సేద్యపు పనుల వల్లనో, పాతపగ వల్లనో కూడిన ఇండ్ల సమూహం. ‘ఆ ఊర్లో రెండు పార్టీలు’, ‘వాళ్లు పార్టీ మనుషులు’, ‘మేము ఏ పార్టీలోనూ లేము’ అన్న వాక్యాలు ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. ఈ పార్టీకి పేరు లేదు, జెండా లేదు, సభ్యత్వ రసీదు లేదు. పుట్టుకతో వస్తుంది, లేదా పెళ్లితో వస్తుంది. పుట్టినింటి పార్టీ ఒకటై మెట్టినింటి పార్టీ ఇంకొకటైన ఆడబిడ్డ కష్టం ఈ ఒక్క మాటలోనే ఉంది. తిరునాళలో ఎవరి బండి ముందు కట్టాలన్నది, చెరువు కింద ఎవరికి ముందు నీళ్లు పారాలన్నది, చివరికి ఏ అంగడిలో టీ తాగాలన్నది కూడా ఈ పార్టీని బట్టి తేలే ఊళ్లున్నాయి.

అర్థాల భేదాన్ని క్రియలే పట్టి ఇస్తాయి. ఊరి పార్టీని ‘కడతారు’, రాజకీయ పార్టీని ‘పెడతారు’. దలాలి పార్టీని ‘చూపిస్తాడు’, వకీలు పార్టీ ‘చేస్తాడు’, కొడుకు పుట్టినవాడు పార్టీ ‘ఇస్తాడు’. ‘పార్టీ కట్టినాడు’ అన్న వాక్యానికి కొత్త రాజకీయపక్షాన్ని స్థాపించాడన్న అర్థం ఈ ప్రాంతంలో ఎవరికీ తోచదు. ఊళ్లో తనవెంట మనుషులను కూడగట్టుకున్నాడనే అందరికీ తెలుస్తుంది. ఇంత కచ్చితమైన పదసంయోగ నియమం ఉన్న మాటను పరాయిమాటగా పక్కకు నెట్టడం భాషాశాస్త్రం ఒప్పుకునే పని కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, బలమైనదే. వ్యాజ్యంలో ఒకవైపువారు, బేరంలో ఒకవైపువారు, విందు, పనిమీద వెళ్లే బృందం అన్న అర్థాలన్నీ ఆంగ్లంలో ఆ మాటకు ముందునుంచే ఉన్నాయి కదా, తెలుగు కొత్తగా చేసిందేమిటి అని. విడదీయడం అన్న అర్థమున్న ఫ్రెంచి ధాతువునుంచి వచ్చిన ఆ పదానికి ‘వైపు’ అన్న భావం మూలంలోనే ఉన్న మాట నిజం. కోర్టు అర్థమూ వ్యాపారపు అర్థమూ ఆంగ్లేయుల కచ్చేరీలతోనూ కంపెనీలతోనూ వచ్చాయని ఒప్పుకుంటాను. ఊరి అర్థం మాత్రం అట్లా వచ్చింది కాదు. ఇంగ్లండులో 1770లో ఎడ్మండ్ బర్క్ పార్టీకి ఇచ్చిన నిర్వచనం ప్రసిద్ధం. అందరూ అంగీకరించిన ఒక సూత్రం ఆధారంగా దేశప్రయోజనం కోసం కలిసి పనిచేసేవారు పార్టీ అని ఆయన అన్నాడు. సూత్రం లేని స్వార్థకూటమిని హీనంగా చూసేందుకు ఆంగ్లానికి వేరే మాట ఉంది, అది ‘ఫ్యాక్షన్’. ఆ రెండు మాటల మధ్య ఆంగ్లేయులు కట్టుకున్న గోడ మన ఊళ్లకు అందలేదు. ఏ సూత్రమూ లేని, సూత్రం అవసరమూ లేని ఇండ్ల కట్టును మన ఊరు ‘పార్టీ’ అంది. ఆంగ్ల రాజనీతి పరిభాష అంగీకరించని ప్రయోగమిది. తెలుగు చేసిన కొత్త పని ఇదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఊరు తనకు తాను పెట్టుకున్న మాట ‘పార్టీ’ అయితే, బయటివారు దానికి పెట్టిన మాట ‘ఫ్యాక్షన్’. పోలీసు రికార్డులనుంచి పత్రికలకూ, పత్రికలనుంచి సినిమాకూ అది పాకింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ వచ్చాక ‘ఫ్యాక్షన్ సినిమా’ అన్నది ఒక సినిమా తరగతికే పేరైంది. సుమోలు గాలిలోకి లేవడం, వేటకొడవళ్లు, నాటుబాంబులు అన్నవే ఆ మాటకు అర్థమైపోయాయి. ఈ అర్థం ఆంగ్లంలోనూ లేదు. 1954లో ఆస్కార్ లూయిస్ ఢిల్లీ దగ్గరి ఒక గ్రామాన్ని అధ్యయనం చేసి అక్కడి ఫ్యాక్షన్ల గురించి రాశాడు. ఆయన చూపించినవి బంధుత్వం మీదా పరస్పర సహాయం మీదా నిలిచిన కట్లు. 1965లో పాల్ బ్రాస్ ఉత్తరప్రదేశ్ కాంగ్రెసులోని ఫ్యాక్షన్ల మీద పుస్తకం రాశాడు. అవి నాయకుల వర్గాలు, బాంబుల ముఠాలు కావు. సమాజశాస్త్రంలో ఒక అర్థం, రాజనీతిశాస్త్రంలో ఒక అర్థం, తెలుగు తెరమీద మరో అర్థం. మన తెలుగు శాఖల పరిశోధకులు ఈ మూడింటిలో దేన్ని వాడుతున్నారంటే, నిస్సందేహంగా తెరమీదిదాన్ని.

హత్యలు జరగలేదని నేను అనడం లేదు. ఈ నేలమీద చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు నా తరగతిగదిలో కూర్చున్నారు. ఆ మాట అనే అధికారం ఎవరికీ లేదు. నా ఆక్షేపణ వేరు. హింస అన్నది ఆ కట్టులోని ఒక దశ. అది లేని ఏళ్లు, ఏళ్లే కాదు తరాలు కూడా, ఆ కట్టుకు ఉన్నాయి. ‘ఫ్యాక్షన్’ అన్న మాట ఆ ఒక్క దశకు పేరుపెట్టి మిగిలిన జీవితాన్నంతా తుడిచివేస్తుంది. అప్పు ఇచ్చే చెయ్యి, పెళ్లికి నిలబడే మనిషి, పోలీసు స్టేషనుకు వెంటవచ్చే పెద్ద అన్నవి ‘పార్టీ’లో ఉన్నాయి, ‘ఫ్యాక్షన్’లో లేవు. మనిషి దేనికోసం ఆ కట్టులో ఉండిపోతాడో రెండో మాట చెప్పలేదు. ఇంకొక పక్షపాతం కూడా గమనించాలి. రాజధానిలో ఒకే పార్టీ నాయకులు రెండుగా చీలి కొట్లాడుకుంటే మన పత్రికలకు అది ‘అసమ్మతి వర్గం’. జమ్మలమడుగు దగ్గర చీలితే ‘ఫ్యాక్షన్’.

ఈ అర్థభేదం పట్టించుకోకపోతే చట్టం కూడా ఎట్లా తడబడుతుందో చెప్పడానికి గ్రామపంచాయతీ ఎన్నికలకు మించిన ఉదాహరణ లేదు. మన రాష్ట్రంలో సర్పంచు ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. కాగితం మీద వాటిని ‘పార్టీరహిత ఎన్నికలు’ అంటాం. ఆ మాట వింటే ఈ ప్రాంతపు రైతుకు నవ్వు వస్తుంది. ఎందుకంటే ఊరి పార్టీలు పూర్తిగా బరిలోకి దిగేది ఆ ఎన్నికలోనే. శాసనసభ ఎన్నికలో ఊరి పార్టీ ఏ రాజకీయ పార్టీ చొక్కా అయినా తొడుక్కోగలదు. అందుకే ‘పార్టీ మారింది గాని పార్టీ మారలేదు’ అన్న వాక్యం ఇక్కడ అర్థవంతం, వైరుధ్యం లేనిది. మొదటి పార్టీ హైదరాబాదుదో విజయవాడదో, రెండోది ఊరిది. మన నిఘంటువుల సాయంతో ఈ వాక్యాన్ని ఎవరైనా అర్థం చేసుకోగలరేమో చూడండి. పోలింగు రోజున తటస్థంగా ఉండవలసిన ప్రభుత్వోద్యోగుల బృందానికి పేరు ‘పోలింగ్ పార్టీ’ కావడం మరో తమాషా.

స్వచ్ఛతావాదులకు సమాధానం క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే వారి వాదం వారి చీటీలతోనే వీగిపోయింది. సంఘం ఒప్పుకున్న ‘తగాదా’ అరబ్బీ మూలంలో బాకీ తీర్చమని అడగడం. మనదగ్గర అది కొట్లాట. ‘రాజీ’ మూలంలో సమ్మతించినవాడు, మనదగ్గర ఒడంబడిక. సంస్కృతం నుంచి వచ్చిన ‘అభ్యంతరం’ మూలంలో లోపలిభాగం, ‘అవసరం’ సమయం లేదా సందర్భం. ఇవి దారి మళ్లితే అర్థవిపరిణామం అని పాఠం చెబుతాం, ఆంగ్లపదం దారి మళ్లితే కల్తీ అంటాం. ఈ రెండు తక్కెడలు ఎందుకు? ‘పార్టీ’ బదులు ‘కక్షిదారు’ అని రాయమన్న పెద్దలొకరు ఉన్నారు. ఆ మాటలోని ‘దారు’ పారసీక ప్రత్యయమన్న సంగతి ఆయనకు నేను గుర్తుచేయవలసి వచ్చింది. పైగా చీనీకాయలు కొనవచ్చినవాణ్ణి ‘కక్షిదారు’ అంటే దలాలికి బేరం పోవడం ఖాయం.

కడపలో కూర్చొని ఈ వాదం చేయవలసిరావడమే విచిత్రం. 1820లో ఈ జిల్లాకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువుతో తృప్తిపడలేదు. కచ్చేరీల్లో, దస్తావేజుల్లో నలిగే అన్యదేశ్యాలకోసం మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా కూర్చి 1854లో అచ్చువేయించాడు. ఉద్యోగికి ఆ మాటలు తెలియకపోతే రైతుకు అన్యాయం జరుగుతుందన్న ఇంగితం దానివెనుక ఉంది. వందేళ్ల తరువాత భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశాలు వచ్చాయి. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. జనం నోట ఉన్నదాన్ని ఉన్నట్టుగా వృత్తిని బట్టి సేకరించే పద్ధతి వాటితో స్థిరపడింది. నేను అడుగుతున్నది ఆ పద్ధతినే బేరానికీ, వ్యాజ్యానికీ, ఊరి కక్షలకూ విస్తరించమని. ఇవీ వృత్తులే, కనీసం మూడోది కొందరికి.

నష్టం ఎక్కడ జరుగుతోందో నా కళ్లతో చూసిన రెండు సిద్ధాంతగ్రంథాలు చెబుతాయి. రెండూ కడప జిల్లా కథాసాహిత్యం మీదివే. ఒక కథలో తండ్రి తమది పార్టీ ఇల్లు కావడం వల్ల కూతురికి సంబంధాలు రావడం లేదని బాధపడతాడు. మొదటి పరిశోధకుడు ‘పార్టీ ఇల్లు’కు ‘రాజకీయపక్షానికి చెందిన కుటుంబం’ అని అర్థం రాసి, ఆ కథను రాజకీయ చైతన్యం అన్న అధ్యాయంలో చేర్చాడు. రాజకీయ చైతన్యం ఉన్న ఇంటికి సంబంధాలు ఎందుకు రావో ఆయనకు అనుమానం కలగలేదు. రెండో పరిశోధకురాలికి ఊరు తెలుసు. అర్థమూ తెలుసు. కానీ ఉద్ధరణలోనే ‘పార్టీ ఇల్లు’ను ‘ఫ్యాక్షన్ ఇల్లు’గా మార్చింది. అడిగితే, చదివేవారికి తెలియాలని అట్లా మార్చానంది. నిజాయితీగానే చెప్పింది. రచయిత తన మనుషుల నోటనుంచి తీసుకున్న మాటను తీసివేసి పోలీసు మాట పెట్టాక ఆ తండ్రి దుఃఖం ఎవరికి తెలుస్తుంది? పార్టీ ఇంటి తండ్రి మీద జాలిపడతాం. ఫ్యాక్షన్ ఇంటి తండ్రిని చూసి భయపడతాం. కథ తలకిందులైంది. అయినా తప్పు ఆమెది కాదు. ఆమె ఏ నిఘంటువును తెరచినా ‘పార్టీ’ దగ్గర ఆమెకు తెలిసిన అర్థం లేదు. లేనిదాన్ని ప్రమాణంగా ఎట్లా చూపగలదు?

విమర్శకులకూ ఇది వర్తిస్తుంది. పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆంగ్లం నుంచి తెలుగుకు వచ్చేదారిలో అర్థం ఎక్కడ జారిపోతుందో ఆయన అంత శ్రద్ధగా చూశాడు. మనం ఆ గ్రంథాన్ని అనువాదం పేపరుకు పాఠ్యంగా పెట్టుకొని, ఆంగ్లపదం తెలుగైపోయాక తెలుగునుంచి తెలుగుకు జరిగే ఈ జారుడును మాత్రం వదిలేశాం. మార్క్సిస్టు విమర్శకుడు విశేషణం లేకుండా ‘పార్టీ’ అంటే అది కమ్యూనిస్టు పార్టీ. అదే విమర్శకుడి సొంత ఊళ్లో విశేషణం లేకుండా ‘పార్టీ’ అంటే అది పెద్దమనిషి వెంట ఉన్న ఇండ్లు. ఈ ప్రాంతంనుంచి వచ్చిన వామపక్ష రచయితల రచనల్లో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే వస్తాయి. ఏది ఎక్కడ ఉందో తేల్చుకోకుండా వారి దృక్పథం మీద తీర్పులు చెప్పడం సాహసం.

కాబట్టి ఎర్రసిరా చీటీలను మళ్లీ పంపుతున్నాను, ఈసారి ఆరోపాల క్రమంతో సహా. విందు అర్థం ఉన్న ‘పార్టీ’ని వేరే ఆరోపంగా పెట్టాలి. పార్టీ ఇచ్చినవాడికీ పార్టీ కట్టినవాడికీ మధ్య ఈ ప్రాంతపు వ్యవహర్త ఏ సంబంధాన్నీ చూడడు, వ్యుత్పత్తి ఒకటైనంత మాత్రాన మనం చూపించనక్కరలేదు. మిగిలినవన్నీ ఒకే ఆరోపం కింద ఉండవచ్చు. వాటిలో మొదటి స్థానం రాజకీయపక్షానికి ఇవ్వాలని సంఘం పట్టుబట్టవచ్చు. పత్రికల్లో వాడుక ఎక్కువ గనుక అందులో న్యాయం లేకపోలేదు. నేను మాత్రం కోర్టు అర్థాన్ని ముందు పెడతాను. బేరం, ఊరు, రాజకీయం అన్న మూడింటినీ అక్కడినుంచి విడదీసి చూపడం సులువు. ‘బ్యాండు పార్టీ’, ‘భజన పార్టీ’, ‘పోలింగ్ పార్టీ’లను చివర బృందం అన్న అర్థం కింద చేర్చితే సరిపోతుంది. ప్రతి అర్థానికీ దానితో వచ్చే క్రియనూ, కర్తగా ఉన్నప్పుడు అది మహత్తో అమహత్తో చెప్పే ఉదాహరణనూ ఇవ్వాలి. ఊరి అర్థం దగ్గర ‘ఫ్యాక్షన్ చూ.’ అని రాయకూడదు. రాయవలసి వస్తే ‘ఫ్యాక్షన్’ దగ్గర ‘పార్టీ చూ.’ అని రాయాలి.